కట్టివేయడానికి అందరూ, కాపాడడానికి కొందరే

చట్టాలను ఢిల్లీలో కూర్చుని చదివితే ఒక విధంగా కనబడతాయి; రైలు పట్టాల పక్కన నిలబడి చదివితే మరొక విధంగా కనబడతాయి. ఈ సంగతి ఏ న్యాయకోవిదుడో చెప్పగా నేను తెలుసుకున్నది కాదు. ఖరగ్‌పూర్‌లో ఒక విశ్రాంత గూడ్సు గార్డు వేసిన ప్రశ్న వల్ల తెలిసివచ్చింది.

ఆంధ్రులకు ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ అక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు వలసవెళ్ళి తరాల తరబడి స్థిరపడినారు. 1920ల చివరి సంవత్సరాలలో ఆ రైల్వే కార్మికులను సమీకరించి నడిపిన నాయకుడు, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. నేటికీ మథురాకాటీలో, నింపురాలో తెలుగు తప్ప మరొక భాష అవసరం లేకుండా ఒక పూట గడిపి రావచ్చు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగును కూడ అధికార భాషల జాబితాలో చేర్చడానికి నిర్ణయించిందంటే, అందుకు ముఖ్యకారణం ఈ పట్టణమే.

మథురాకాటీలో ఆ పెద్దమనిషి తన ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి నన్ను అడిగినది ఇది: "కరోనా రోజుల్లో డాక్టరు మీద చెయ్యి చేసుకుంటే అయిదేళ్ళు జైలని చట్టం చేశారు. మంచి పని. అదే రోజుల్లో మందులూ ధాన్యమూ మోసే రైలు నడిపినవాడి మీద రాయి పడితే ఏ చట్టం, బాబూ?"

నా వద్ద అప్పటికప్పుడు చెప్పగల సమాధానం లేదు. రాజధానికి తిరిగివచ్చిన తరువాత చట్టాల పుటలు తిరగవేశాను. తేలినది సంక్షిప్తంగా పాఠకుల ముందుంచుతున్నాను.

అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. బొంబాయి రాష్ట్రంలో ప్లేగు ప్రబలినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం హడావుడిగా చేసిన నాలుగు సెక్షన్ల శాసనం. ఉత్తర్వును ధిక్కరించినవారికి శిక్ష ఒక సెక్షన్‌లో ఉన్నది. ఉత్తర్వును అమలుచేసిన అధికారి మీద దావా వేయరాదనే రక్షణ మరొక సెక్షన్‌లో ఉన్నది. ఆ ఉత్తర్వును భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిన మనిషిని ఎవరైనా కొడితే ఏమిటన్న ఆలోచన అందులో లేదు. ఆ లోటుతోనే చట్టం 123 సంవత్సరాలు బతికింది.

2020 ఏప్రిల్‌లో ఆ లోటు బట్టబయలయింది. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో రోగి బంధువులు వైద్యుని మీద దాడిచేశారు. కరోనాతో మద్రాసులో కన్నుమూసిన నెల్లూరు వైద్యుని దహనానికి అంబత్తూరు శ్మశానం వద్ద స్థానికులు అడ్డుపడినారు. అదే నెలలో అదే నగరంలో మరొక వైద్యుని భౌతికకాయాన్ని తీసుకువెళ్ళిన అంబులెన్సు మీద రాళ్ళు పడినాయి. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. సెప్టెంబరులో పార్లమెంటు దానిని చట్టం చేసింది. దాడికి మూడు నెలల నుండి అయిదేళ్ళ జైలు, తీవ్రగాయమైతే ఆరు నెలల నుండి ఏడేళ్ళు. బెయిలుకు వీలులేని నేరం. 30 రోజులలో దర్యాప్తు. ఆస్తికి నష్టం కలిగిస్తే మార్కెట్ విలువకు రెట్టింపు పరిహారం. ఇంత కట్టుదిట్టంగా మన శాసనకర్తలు వ్రాయడం అరుదు.

అయితే, ఈ రక్షణ ఎవరికి? వైద్యులు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది, సామాజిక ఆరోగ్య కార్యకర్తలు, ఈ చట్టం కింద వ్యాధి నివారణకు అధికారం పొందినవారు, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా చేర్చినవారు. రైలు డ్రైవరు, సిగ్నల్ మనిషి, పట్టాలు చూచే కీమాన్ సహజంగా ఇందులోకి రారు. ఎవరైనా తలచి చేరిస్తే తప్ప. ఈ సవరణలోనే రైళ్ళను తనిఖీ చేసే అధికారం కేంద్రానికి దత్తమయింది. అంటే శాసనకర్తల దృష్టికి రైలు వచ్చింది, దానిని నడిపే మనిషి రాలేదు.

ఆ మనిషి ఆ రోజులలో చేసిన పని తక్కువది కాదు. 2020 మే 1న వలస కార్మికులతో తొలి శ్రామిక రైలు బయలుదేరినది మన లింగంపల్లి నుండే, హతియాకు. 2021 ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ట్యాంకర్లు నిండినది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే. ఢిల్లీ నుండి ఆయుధాలు తీసుకుని 2020 ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ చేరిన రైల్వే రక్షక దళ బృందంలో పలువురికి కరోనా సోకింది. 2021 మే నాటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు ఈ వ్యాధికి బలి అయినారని స్వయంగా రైల్వే బోర్డు చైర్మన్ ప్రకటించారు.

"అత్యవసర సేవ" అన్న మాట మన శాసనాలకు కొత్త కాదు. 1968 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వోద్యోగుల సమ్మె ముంచుకువచ్చినప్పుడు ఆ పేరుతో ఆర్డినెన్సు, ఆపైన చట్టం వచ్చినాయి. తిరిగి 1981లో మరొకటి వచ్చింది. రెండింటిలోను రైల్వే ముందువరుసలో ఉన్నది. నిషిద్ధమైన సమ్మెలో పాల్గొంటే ఆరు నెలల వరకు జైలు. 1974 మే నెల రైల్వే సమ్మెలోనైతే భారత రక్షణ నిబంధనలనే ప్రయోగించారు. వేలమందిని నిర్బంధించారు, క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో పెద్దవయసు వారికి అది చరిత్ర కాదు, జ్ఞాపకం.

ఇక గార్డుగారి ప్రశ్నకు నేరుగా జవాబు చూద్దాం. 1989 రైల్వే చట్టంలో 146వ సెక్షన్: విధినిర్వహణలో ఉన్న రైల్వే ఉద్యోగిని ఆటంకపరిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పని మానినవానికి నాడు ఆరు నెలలు. పని చేయనివ్వనివానికి నేడు ఆరు నెలలు. త్రాసు సమానంగానే ఉన్నదని సంతోషించాలో ఏమో!

కఠినమైన సెక్షన్లు లేవని కాదు. రైలులోని వారిని గాయపరచాలని రాళ్ళు విసిరితే యావజ్జీవం వరకు, ప్రాణాలు పోయేలా రైలును కూల్చితే మరణశిక్ష వరకు ఆ చట్టంలోనే ఉన్నది. కాని కఠినశిక్ష వేరు, రక్షణ వేరు. 2010 మే 28న అర్ధరాత్రి దాటిన తరువాత ఖరగ్‌పూర్ - టాటానగర్ మార్గంలో ఖేమాశూలి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురువచ్చిన గూడ్సు బండికి బలి అయింది. దాదాపు 150 మంది మరణించారు. పట్టాలను పాడుచేయడం వల్లనే ఇది జరిగిందన్నది దర్యాప్తు సంస్థ అభియోగం. మరణశిక్ష వ్రాసి ఉన్న చట్టం ఆ రాత్రి అమలులోనే ఉన్నది. తరువాత చాలాకాలం ఆ మార్గంలో రాత్రి రైళ్ళనే ఆపివేయవలసి వచ్చింది.

పరిహారం సంగతి మరింత విచిత్రం. రైళ్ళలో హింస, దోపిడీ, అల్లర్ల బాధితులకు 124-ఎ సెక్షన్ పరిహారమిస్తుంది. 2017 నుండి మరణానికి 8 లక్షల రూపాయలు. విధిలో ఉన్న రైల్వే ఉద్యోగిని ఈ సెక్షన్ "ప్రయాణికుడు"గా పరిగణించింది. ఆ మేరకు మెచ్చవలసిందే. కాని ఘటన ప్రయాణికుల రైలులోనో, స్టేషన్ ఆవరణలోనో జరగాలి. గూడ్సు బండి చివర ఒంటరిగా కూర్చున్న గార్డుకు, రెండు స్టేషన్ల నడుమ చీకటిలో లాంతరుతో నడిచే కీమాన్‌కు ఇది వర్తించదు. పరిహారానికి వేరే మార్గాలు లేకపోలేదు. వాటి వెంట తిరగవలసింది మాత్రం వారి భార్యాబిడ్డలు. కాంట్రాక్టరు కింద పెట్టెలు కడిగే కార్మికుడు అసలు "రైల్వే ఉద్యోగి" నిర్వచనంలోకి వస్తాడా అన్నదే వాదించుకోవలసిన విషయం.

ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క చట్టం చేయమని నేను అనను. 2019లో వైద్యసిబ్బంది రక్షణకు బిల్లు ముసాయిదా సిద్ధమైనప్పుడు, ఒకరికి ఇస్తే రేపు అందరూ అడుగుతారని హోంశాఖ అభ్యంతరం చెప్పినట్లు వార్తలు వచ్చినాయి. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి దారుణహత్య జరిగిననాటికి 2020 సవరణ పుస్తకంలోనే ఉన్నది. కాని అది అంటువ్యాధి కాలానికి మాత్రమే పరిమితం. ఆ ఘటన పిమ్మట సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళం కూడ ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదన్నది. అందరూ అడుగుతారన్న భయం నిజమే. అందరూ అడుగుతున్నారంటే అందరికీ అవసరముందన్న అర్థమూ నిజమే.

శిక్షలు పెంచుకుంటూ పోవడమూ మార్గం కాదు. 2020 సవరణలో, తీవ్రగాయం కేసులలో నిందితుడే తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోవాలి. అటువంటి ఆయుధం చేజిక్కిన ప్రభుత్వం దానిని ఎవరి మీద త్రిప్పుతుందో 1974 చూచినవారికి చెప్పనక్కరలేదు.

కావలసినది ఒక చిన్న సూత్రం. ఆపత్కాలంలో "ఈ సేవ ఆగరాదు" అని ఏ ఉత్తర్వు శాసిస్తుందో, ఆ ఉత్తర్వులోనే ఆ సేవ చేసేవారందరికీ, కాంట్రాక్టు కూలీతో సహా, రక్షణ ఏర్పాటు, గడువులోగా దర్యాప్తు, అడగకుండానే అందే పరిహారం ఇమిడి ఉండాలి. ఆజ్ఞాపించే సంతకమే పూచీ పడాలి. అంటువ్యాధుల చట్టాన్ని సమూలంగా సవరించాలనో, కొత్తది చేయాలనో 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో సిఫార్సు చేసింది. ఈ సూత్రానికి చోటు అక్కడే ఉన్నది.

2022లో రైల్వేశాఖ "గార్డు" అన్న పేరును తీసివేసి "ట్రైన్ మేనేజరు" అని గౌరవంగా మార్చింది. ఈ మాట ఎత్తితే మథురాకాటీ పెద్దమనిషి నవ్వి ఊరుకున్నాడు. పేరు మారినా, గూడ్సు బండి చివరిపెట్టెలో చీకటి మారలేదని ఆయనకు తెలుసు.