ఆరు తెడ్లు, ఒక్క కెరటము

హొనొలులు నగరమున వైకికీ తీరమునకు ఎదురుగా, పగడపుదిబ్బపై నీరు పలుచబడు తావున, కెరటములు మెల్లగా విరుగు చోటొకటి కలదు. దానిని అక్కడివారు 'కనూస్' అందురు. దోనెలని దాని అర్థము. పలకపై నిలిచి కెరటముమీద జారు క్రీడకు ఆ తీరము జగత్ప్రసిద్ధమైనను, ఆ చోటికి పేరు పలకలవలన గాక, ప్రక్కన తేలుకొయ్య గట్టిన పొడవైన దోనెలవలన వచ్చినది. హవాయి ప్రజల తరంగవిద్యలో పలక ఒక పాలు, దోనె మఱియొక పాలు. లోకము మొదటిదానిని గైకొని కాలిఫోర్నియాకు, ఆస్ట్రేలియాకు, తుదకు మన విశాఖకును చేర్చి, ఒలింపిక్ క్రీడలలో దానికి పీట వేసినది. రెండవదానిని చాలవరకు అక్కడనే వదలివచ్చినది. విడువదగనిదానిని విడిచినదని నా తలంపు.

హవాయి భాషలో దోనె 'వఅ'. ఎడమప్రక్కన నీటిపై తేలు కొయ్య 'అమ'. ఆ రెండింటిని కలుపు వంపుదూలములు 'ఇయకో'. పూర్వము కోవ అను మహావృక్షపు మొదలు తొలిచి దోనె చేసెడివారు. కోవ మన తుమ్మకు చుట్టము. దూలములకు మందారజాతికి చెందిన హౌ కొమ్మలను, తేలుకొయ్యకు మన బాడిదకు, అనగా పారిభద్రమునకు, జ్ఞాతియైన విలివిలి తేలికమ్రానును ఎంచుకొని, అన్నింటిని కొబ్బరినారతో బిగించెడివారు. నేడు ఫైబర్‌గ్లాసు దోనెలే విస్తారము. ఆర్గురు కూర్చుండు పందెపుదోనె సుమారు 45 అడుగుల పొడవుండును.

1820లో క్రైస్తవ మతప్రచారకులు దిగినపిదప, అంతకంటెను వెలుపలినుండి వచ్చిన వ్యాధులు ఆ జనమును చాలవరకు తుడిచిపెట్టినందున, ఈ విద్య చిక్కిపోయినది. దానిని నిలుపుటకై 1908లో వైకికీలో వెలసిన సంఘము పేరే 'అవుట్‌రిగర్ కనూ క్లబ్', అనగా తేలుకొయ్య దోనెల సంఘము. 1911లో 'హుయి నలు' సంఘము ఏర్పడినది. ఈ రెండవ సంఘమువాడైన డ్యూక్ కహానమోకు 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతకు స్వర్ణపతకము గెలిచి, పలకవిద్యను దేశదేశములకు చాటెను. 1968లో ఆయన గతించినపుడు చితాభస్మమును సముద్రమున కలుపుటకు దిబ్బ దాటి వెళ్లినవి ఈ దోనెలే.

వేసవిలో ఆ తీరమును చేరు కెరటములు న్యూజీలాండ్ దిశనున్న దక్షిణసముద్రపు తుపానులలో పుట్టి, వేలకొలది కిలోమీటర్లు ప్రయాణించి, వారము దినములకు వైకికీ దిబ్బను తాకును. దోనెవారు అణియమును ఒడ్డువైపు త్రిప్పి వాటికై వేచియుందురు. మొదటి పీటవాడు తెడ్డు లయను నిర్ణయించును; నడిమివారు బలము నిత్తురు; అమరమున కర్ణధారుడు పెద్ద తెడ్డు పట్టి, భుజముమీదుగా వెనుకకు చూచుచుండును. ఆర్గురిలో వచ్చు కెరటమును చూచువాడు అతడొక్కడే. అతడు కేక వేయగనే తక్కిన ఐదుగురు, వెనుకకు తిరిగి చూడక, ఏకకాలమున తెడ్లు ముంచవలెను. 'హట్, హట్, హో' యను పిలుపునకు అందఱును ఒక్కసారి ప్రక్క మార్చుదురు. దోనె పొడవుకాబట్టి, కెరటము ఇంకను నిటారు కాకముందే, పలకవారు వేచియున్న చోటికి చాలదూరమున నుండగనే, దానిని అందుకొనగలదు. అమరము పైకి లేచును. తెడ్ల శ్రమ ఒక్కసారిగ తేలికపడును. దోనె తనంత తానే జారసాగును. పది అడుగుల లోతున కెరటము గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమున నడచును; దానికి ఏటవాలుగా పోవు దోనె వేగము అంతకును మించును. అప్పుడు కర్ణధారుడు తెడ్డును దోనెప్రక్కకు అదిమి దారి మలుపును. అమ గాలిలోనికి లేవజూచినచో ఒకడు ఇయకోమీదికి ప్రాకి తన దేహభారముతో దానిని అణచును. అణచలేకపోయిన దోనె బోర్లపడును. దానికి 'హులి' యని పేరు. అప్పుడు కొందఱు దోనె అడుగుమీదికెక్కి లాగగా, కొందఱు అమను ఎత్తగా, దానిని తిరుగవేసి, నీరు తోడిపోసి, మఱల ఎక్కవలెను. పడినది ఎవరి తప్పువలననైనను లేపవలసినది అందఱును. ఒంటిగా పలకపై జారువాని ఆనందము గొప్పదే. కాని ఐదుగురు చూడకయే నమ్మి, ఒకడు ఆ నమ్మకమును మోసి, ఆర్గురును ఒక్క నీటికొండపైనుండి దిగి వచ్చు ఆనందము దానికంటె ఉన్నతమైనది.

వైకికీలో విహారమునకు త్రిప్పు జంటదోనెల నావను 'కటమరాన్' అందురు. ఆ మాట మన తూర్పుతీరపు మాటయే, దుంగలు గట్టిన తమిళుల కట్టుమరము. మన జాలరులు తెప్పలపై తెల్లవాఱకమునుపే దాటు నురుగుకెరటము, వైకికీవారు వేడుకకై ఎదురుచూచు కెరటము జాతిలో ఒక్కటియే.

అక్కడి తీరమున యాత్రికులను దోనెలలో కెరటముపైకి కొనిపోవు నేర్పరులు నేటికిని కలరు. హొనొలులు పోవు తెలుగువారు పలక నేర్చుటకు ముందు ఒకసారి ఆ దోనెలో కూర్చుండవలెనని నా ప్రార్థన. తెడ్డు ఇచ్చినచో ముందువానితో కలిపి వేయుడు. కెరటము ఎత్తినపుడు దేహమును ఎడమకు, అమవైపునకు, వ్రాల్పుడు. కుడివైపునకు మాత్రము ఒరగకుడు.