పరిశోధన సామగ్రిని ఎక్కడ దాచుకోవాలి?

పరిశోధన పూర్తిచేసి వెళ్ళిన విద్యార్థి ఒకరు కొన్నాళ్ళ కిందట మమ్మల్ని చూడడానికి వచ్చారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడే వృద్ధుల చేత పాటలు పాడించి, కథలు చెప్పించి రికార్డు చేసినవారు. ఆ రికార్డులన్నీ చదువుకొన్న సంస్థ ఇచ్చిన ఖాతాలో ఉండేవి. పట్టా చేతికి వచ్చిన కొద్దికాలానికే ఆ ఖాతాను మూసివేశారు. ముందుగా పంపిన హెచ్చరిక కూడా ఆ ఖాతాకే వెళ్ళింది. చదువు ముగిశాక దాన్ని తెరిచి చూసినవారు లేరు. సిద్ధాంతగ్రంథం అచ్చు ప్రతి ఉంది గాని, అందులో ఉదాహరించిన గొంతులు లేవు. పాడినవారిలో ఇద్దరు ఇప్పుడు జీవించి లేరు.

క్లౌడ్ స్టోరేజి సేవల్లో ఏది మంచిదని విద్యార్థులు మమ్మల్ని తరచు అడుగుతూ ఉంటారు. వారి మనసులో ఉండే ప్రశ్న సాధారణంగా ఎన్ని జీబీలు ఉచితం అన్నది. గూగుల్ 15 జీబీ ఇస్తుంది, అయితే అందులోనే జీమెయిలు ఉత్తరాలూ ఫొటోలూ ఇమడాలి. మైక్రోసాఫ్టు వారి వన్‌డ్రైవ్ 5, డ్రాప్‌బాక్స్ 2. ఈ అంకెలను బట్టి ఎంపిక చేసుకోవడం పొరపాటని మా అభిప్రాయం. ఖాతా ఎవరి పేరిట ఉంది, అందులోంచి మన సామగ్రిని వెనక్కి తెచ్చుకొనే దారి ఏది అన్నవి ముందు తేలాలి.

పరిమాణం విషయంలో మనవారికి ఉన్న భయం కొంత అనవసరమైనది కూడా. యూనికోడ్ తెలుగులో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'శ్రీ' అన్న ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలున్నాయి కాబట్టి 12 బైట్లు. పుటకు 1500 సంకేతాల చొప్పున లెక్క వేసినా 300 పుటల సిద్ధాంతగ్రంథం ఒకటిన్నర ఎంబీ దాటదు. అది ఏ ఉచిత ఖాతాలోనైనా ఓ మూల పడి ఉంటుంది. చోటు తినేవి ధ్వనులూ చిత్రాలూ. కుదించకుండా సీడీ నాణ్యతతో ఒక చానెల్ రికార్డు చేస్తే గంటకు సుమారు 318 ఎంబీ అవుతుంది. అంటే 15 జీబీ ఖాళీగా ఉన్నా 47 గంటలు మాత్రమే పడుతుంది. మాండలిక పరిశోధన చేసేవారికి అది ఒక వేసవి పని.

సంస్థ ఖాతా ఉచితమనీ, హద్దు లేనిదనీ చాలామంది నమ్మకం. విద్యాసంస్థలకిచ్చే అపరిమిత నిలవను ఆపివేస్తున్నట్టు గూగుల్ 2021లో ప్రకటించింది. 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ ప్రాతిపదిక. వేలమంది పంచుకొనేటప్పుడు వెళ్ళిపోయినవారి ఖాతాలను తీసివేయడం సంస్థకు సహజం. తప్పు పట్టలేము. సొంత ఖాతాకైనా నియమాలున్నాయి. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో నియమం పెట్టింది. మరొకటి, చెన్నైలో చదువుకొనేటప్పుడు తీసుకొన్న ఫోను నంబరును ఖాతాకు ముడివేసి, ఊరు మారాక ఆ సిమ్ వదిలేస్తే, రహస్య సంఖ్య ఆ నంబరుకే పోతుంది. కొంతకాలానికి ఆ నంబరు మరొకరి చేతిలో ఉంటుంది.

ఇక లిపి సంగతి. బయటివారు రాసిన సలహాల్లో ఇది కనబడదు గాని మనకు ఇదే ముఖ్యం. మన అచ్చు ప్రపంచంలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో టైపు చేయించిన పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఫైలును క్లౌడ్‌లో పెడితే చెక్కుచెదరకుండా ఉంటుంది, నిజమే. కాని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనబడేది ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఎందుకంటే ఫైలులో ఉన్నవి తెలుగు సంకేతాలు కావు. ఇంగ్లీషు సంకేతాలకు తెలుగు రూపాలు తొడిగారంతే. అందులో 'నన్నయ' అని వెతికితే దొరకడు. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి కూర్పు నుంచే ఉన్నా, డీటీపీ వారు పాత అలవాటు పూర్తిగా మానలేదు. కాబట్టి దాచేముందు మూడు రూపాలుండాలి: టైపు చేసిన అసలు ఫైలు, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం, ఫాంటును లోపలే పొదిగిన పీడీఎఫ్. మార్పిడి సాధనాలు వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి గనుక పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని సరిచూసుకోక తప్పదు. విసుగు పుట్టించే పనే, కాని మీరు రాసినదాన్ని మీరే చదవలేని స్థితి కంటె నయం.

ఉచిత చోటు నిండగానే సగం సామగ్రి ఒక సేవలో, మిగతా సగం వేరొక సేవలో పెట్టి, రెండుచోట్ల దాచామని తృప్తి పడేవారు ఉన్నారు. పంచిపెట్టడం వేరు, ప్రతి తీయడం వేరు. ఇందుకు ఉదాహరణ మన నగరంలోనే ఉంది. 1821లో కాలిన్ మెకంజీ మరణించాక ఆయన సేకరణలో కొంత లండను చేరింది. కొంత 1828లో మద్రాసుకు వచ్చి, ఇప్పుడు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. రెండు ముక్కలనూ కలిపి చూడదలచినవారు నేటికీ రెండు ఖండాల జాబితాలు తిరగేయాలి. సి.పి. బ్రౌను పద్ధతి వేరు. దొరికిన తాళపత్ర ప్రతులకు లేఖకులను పెట్టి కాగితం మీద నకళ్ళు తీయించి, పాఠాలు పోల్చి చూపించాడు. ఒక ప్రతి పురుగుపాలైనా పాఠం మిగలడానికి అవకాశం ఉండేది. మా విద్యార్థికి మిగిలినది కూడా ఇలాంటి నకలే: పాడిన అవ్వ మనవడి ఫోనులో వాట్సాప్‌లో పంపిన ఒక్క పాట, కుదించిన ధ్వనిలో.

సింక్ కూడా ప్రతి కాదు. కంప్యూటరులో పొరపాటున చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. అందుచేత ఇంట్లో ఒక హార్డ్‌డిస్కు, సొంత పేరిట ఒక క్లౌడ్ ఖాతా, రెండింటిలోనూ మొత్తం సామగ్రి ఉండాలని మేము చెబుతాము. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు ఈ నగరంలో ఎన్నో ఇళ్ళు మునిగాయి. కింది అంతస్తులో ఉన్న హార్డ్‌డిస్కు అలాంటి రోజున పనికిరాదు. అదే వారంలో కరెంటూ ఫోనూ లేని వీధుల్లో క్లౌడ్ కూడా అందలేదు గాని, నీళ్ళు తీశాక అందులోని ఫైళ్ళు అలాగే ఉన్నాయి.

ఇతరుల గొంతులను దాచేవారు తాళం సంగతి కూడా ఆలోచించాలి. రికార్డు చేయడానికి ఒప్పుకొన్న ముసలమ్మ, లింకు దొరికిన ప్రతివారూ వినడానికి ఒప్పుకొన్నట్టు కాదు. మెగా, ప్రోటాన్ డ్రైవ్ వంటివి తాళం వాడేవారి చేతికే ఇస్తాయి. పాస్‌వర్డుతో పాటు వారిచ్చిన పునరుద్ధరణ సంకేతమూ పోగొట్టుకొంటే కంపెనీ కూడా తెరవలేదు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టడం పాత పద్ధతే అయినా మేము దాన్నే పాటిస్తున్నాము.

ఈ ఏడాది పరిశోధన ముగిస్తున్నవారు వైవా తేదీ తెలిసిన రోజునే ఈ పని మొదలుపెట్టవచ్చు. గూగుల్ ఖాతా అయితే టేకవుట్ అన్న సదుపాయంతో మొత్తం దింపుకోవచ్చు. మీ సంస్థ దాన్ని ఆపి ఉంటే కార్యాలయంలో అడగండి. ఆన్‌లైన్‌లో రాసుకొన్న డాక్యుమెంట్లు వర్డు ఫైళ్ళుగా మారి వస్తాయి, ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఒక్కొక్క రికార్డు పక్కన పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన అనుమతి రాసిన చిన్న యూనికోడ్ ఫైలు ఉంచండి.