జీరో బిల్లు రాలేదా? గ్యాస్ డబ్బులు పడలేదా? ముందు రేషన్ కార్డు చూసుకోండి

బియ్యం, కరెంటు, గ్యాస్. నెల జీతం ఎంత తక్కువైనా ఈ మూడూ తప్పని ఖర్చులు. తెలంగాణలో పేద కుటుంబాలకు ఈ మూడింటిలోనూ ప్రభుత్వ సాయం ఉంది. అయినా కొందరికి బియ్యం వస్తున్నా జీరో కరెంటు బిల్లు రాదు. ఇంకొందరికి జీరో బిల్లు వస్తుంది కానీ గ్యాస్ రాయితీ పడదు. అర్హత ఉన్నా సాయం ఎక్కడ ఆగుతోంది? ఏం చేస్తే మళ్లీ మొదలవుతుంది? వివరంగా తెలుసుకుందాం.

ఏ సాయం ఎంత?

రేషన్ షాపుల్లో 2025 ఏప్రిల్ నుంచి దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తున్నారు. ఆహార భద్రత కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు ఉచితం. అంత్యోదయ కార్డుకు ఎంతమంది ఉన్నా 35 కిలోలు.

గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు వాడే ఇళ్లకు జీరో బిల్లు ఇస్తారు. మహాలక్ష్మి పథకం కింద వంట గ్యాస్ సిలిండర్ రూ.500కే పడుతుంది. ఈ రెండింటినీ 2024 ఫిబ్రవరి 27న ప్రారంభించారు.

నలుగురున్న ఇంటిని తీసుకోండి. బయట సన్నబియ్యం కిలో రూ.50 అనుకున్నా, 24 కిలోలకు రూ.1,200 మిగులుతుంది. నెలకు 150 యూనిట్లు వాడితే కరెంటు చార్జీ దాదాపు రూ.580 తప్పుతుంది. కూలి పని చేసుకునే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

మూడింటికీ మూలం ఒక్కటే

ఈ మూడు సాయాలూ రేషన్ కార్డు మీదే ఆధారపడ్డాయి. అందుకే ఎక్కడ తేడా వచ్చినా ముందు చూడాల్సింది కార్డునే. కుటుంబంలో అందరి పేర్లూ ఉన్నాయా? ఆధార్ నంబర్లు సరిగ్గా ఎక్కాయా? ప్రతి ఒక్కరి ఈ-కేవైసీ పూర్తయిందా? ఈ వివరాలు మీ రేషన్ డీలర్ దగ్గరే తెలుస్తాయి. వేలిముద్రలు పడని పెద్దవాళ్లు ఉంటే ఐరిస్‌తో చేయమని అడగండి.

కొత్తగా వచ్చిన కోడలు, పుట్టిన పిల్లల పేర్లు చేర్చడానికి మీసేవలో దరఖాస్తు చేయాలి. కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉంటే ముందు అక్కడ తీయించాలి. ఒకరి పేరు రెండు కార్డుల్లో ఉండకూడదు.

కార్డే లేనివారికి ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. భూమి అయితే తరి 3.5 ఎకరాలు, ఖుష్కి 7.5 ఎకరాలు దాటకూడదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. కొత్త కార్డు చేతికి రాగానే కరెంటు, గ్యాస్ రాయితీలు వాటంతట అవే మొదలవుతాయని అనుకోవద్దు. వాటికి విడిగా దరఖాస్తు ఉండాలి.

200 దాటితే ఏమవుతుంది?

చాలామంది పొరపడేది ఇక్కడే. 201 యూనిట్లు కాలితే ఒక్క యూనిట్‌కే డబ్బు కట్టాలనుకుంటారు. అలా కాదు. ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. పైగా 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. 200 యూనిట్ల వరకూ ఒక్కో యూనిట్‌కు రూ.5.10, ఆపైన యూనిట్‌కు రూ.7.70. అంటే 201 యూనిట్లకు కరెంటు చార్జీలే రూ.1,027 దాటతాయి. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతర చార్జీలు అదనం. ఒక్క యూనిట్ తేడాతో సున్నా కాస్తా వెయ్యి దాటుతుంది.

కాబట్టి ఎండాకాలంలో నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోండి. గత బిల్లులోని రీడింగ్‌ను ఇప్పటి రీడింగ్‌లోంచి తీసేస్తే ఎన్ని యూనిట్లు కాలాయో తెలుస్తుంది. బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఈసారి తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో నెల కంటే ఎక్కువ రోజులుండి 200 దాటినట్టు చూపిస్తే విద్యుత్ కార్యాలయంలో అడగండి.

ఒకే మీటర్ మీద రెండు కుటుంబాలుంటే 200 దాటడం సులువు. నిజంగా వేరు కాపురాలు, వేరు కార్డులు ఉంటే వేరే మీటర్ తీసుకోవడం మేలు.

అద్దె ఇంట్లో ఉంటే?

అద్దెకున్నవారికీ గృహజ్యోతి వర్తిస్తుంది. మీరుంటున్న ఇంటి కరెంటు సర్వీస్ నంబర్ మీ రేషన్ కార్డుకు జత కావాలి. ఇల్లు మారితే రికార్డులో పాత ఇంటి నంబరే ఉండిపోతుంది. కొత్త ఇంటి నంబర్‌కు మార్పించుకోకపోతే బిల్లు పడుతూనే ఉంటుంది. పాత బిల్లు, కొత్త బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లి మార్చమని అడగండి. పల్లెల్లో ఎంపీడీవో కార్యాలయంలో, పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయంలో ఈ పని అవుతుంది.

గ్యాస్ డబ్బులు ఏమయ్యాయి?

బండ తీసుకునేటప్పుడు పూర్తి ధర కట్టాలి. రూ.500 పోగా మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఉదాహరణకు ధర రూ.900 అయితే రూ.400 వెనక్కి రావాలి. ఉజ్వల కనెక్షన్ ఉంటే అందులో కొంత కేంద్రం రాయితీగా, మిగతాది రాష్ట్రం వాటాగా విడివిడిగా పడొచ్చు. అందుకే ఒక మెసేజ్ చూసి తక్కువ వచ్చిందనుకోకుండా పాస్‌బుక్ అప్‌డేట్ చేయించండి.

ఏడాదికి ఎన్ని బండలకు రాయితీ అన్నది గత మూడేళ్లలో మీరు వాడిన సగటును బట్టి ఉంటుంది. ఆ లెక్క దాటితే డబ్బులు రావు. రెండు మూడు బ్యాంకు ఖాతాలున్నవారు రాయితీ ఏ ఖాతాకు వెళ్తోందో గ్యాస్ ఏజెన్సీలో కనుక్కోవాలి. చాలాసార్లు డబ్బు వాడకుండా వదిలేసిన పాత ఖాతాలో ఉంటుంది. కనెక్షన్ ఎవరి పేరుతో ఉందో, ఆ పేరు మీ రేషన్ కార్డులో ఉందో లేదో కూడా చూడండి.

ఎవరిని అడగాలి?

రేషన్ సమస్యలకు 1967, కరెంటుకు 1912, గ్యాస్ ఫిర్యాదులకు 1800 2333 555 నంబర్లకు ఫోన్ చేయొచ్చు. ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు ఇస్తే రసీదు తప్పకుండా తీసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు పని ఎక్కడ ఆగిందో చెప్పేది ఆ కాగితమే. మధ్యవర్తులకు డబ్బులివ్వొద్దు. ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే, చదవడం రాకపోతే, పక్కింటివాళ్లు ఒక్కసారి ఆ కరెంటు బిల్లు తీసి చూడండి. వాడకం 200 లోపే ఉండి, రేషన్ కార్డు ఉండి, బిల్లు కడుతున్నారంటే వాళ్లకు రావాల్సింది రావడం లేదని అర్థం.