తొలి రూటర్ జీవిత కథ

1969 ఆగస్టు నెలాఖరున లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఒక ఇనప బీరువా చేరింది. బరువు సుమారు 400 కిలోలు. సైన్యం మోటు వాడకానికి తట్టుకునేలా చేసిన పెట్టె, పైకెత్తడానికి నెత్తిన కొక్కేలు. దాని పేరు ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్, పొట్టిగా ఇంప్. నేడు ఇంటింటా వైఫై ఇచ్చే రూటర్‌కు అదే మూలపురుషుడు.

అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ అప్పట్లో చాలా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ పరిశోధనకు డబ్బిచ్చేది. ఒక్కోచోట ఒక్కో రకం కంప్యూటర్, ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. వాటిని కలపాలని ఆ సంస్థలో పనిచేసే లారీ రాబర్ట్స్ 1967లో ప్రతిపాదిస్తే పరిశోధకులు వెనకాడారు. చాలీచాలని తమ యంత్రాల మీద ఈ అదనపు భారం ఎందుకన్నది వాళ్ల బాధ. అప్పుడు ఆ పరిశోధకుల్లో ఒకడైన వెస్లీ క్లార్క్ ఒక ఉపాయం చెప్పాడు: పెద్ద కంప్యూటర్ల జోలికి పోవద్దు, ప్రతిచోటా ఒక చిన్న కంప్యూటర్ పెట్టి సందేశాలు చేరవేసే పనంతా దానికే అప్పగించండి. ఇంప్ పుట్టుకకు బీజం ఈ మాటే.

చేరవేసే పద్ధతి అంతకుముందే సిద్ధంగా ఉంది. టెలిఫోన్‌లో ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ లైను వాళ్లకే అంకితం. కంప్యూటర్లు మాత్రం క్షణం మాట్లాడి, చాలాసేపు ఊరుకుంటాయి. వాటికోసం లైనును కట్టిపడేయడం వృథా. అమెరికాలో పాల్ బరాన్, ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్ ఎవరి దారిన వారు ఆలోచించి ఒకే చోటికి చేరారు: సందేశాన్ని చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కమీదా చిరునామా రాసి, ఖాళీ ఉన్న దారిలో పంపాలి. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్.

ఇంప్ నిర్మాణం కాంట్రాక్టు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌కు చెందిన బీబీఎన్ అనే చిన్న సంస్థకు దక్కింది. ఫ్రాంక్ హార్ట్ నాయకత్వంలో ఆ బృందం హనీవెల్ 516 కంప్యూటర్‌ను తీసుకుని ఇంప్‌గా మలచింది. దాని జ్ఞాపకశక్తి మొత్తం 24 కిలోబైట్లు. అంత ఇరుకులో వాళ్లు అమర్చిన జాగ్రత్తలు చూస్తే ముచ్చటేస్తుంది. పక్క ఇంప్ నుంచి అందినట్టు కబురు వచ్చేదాకా ప్రతి ఇంప్ ప్యాకెట్ నకలును తన దగ్గరే ఉంచుకునేది, కబురు రాకపోతే మళ్లీ పంపేది. లైనులో చెడిన ప్యాకెట్‌ను లెక్కకట్టి పట్టేసేది. తన ప్రోగ్రామే పాడైతే పొరుగు ఇంప్ నుంచి కొత్త ప్రతి తెచ్చుకునేది.

1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్ నుంచి విద్యార్థి చార్లీ క్లైన్ స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ‘లాగిన్’ అని పంపబోయాడు. మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు చేరాయి, ఆ వెంటనే అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. సుమారు గంటలో సరిచేసి పూర్తిగా కలిపారు. ఏడాది చివరికి శాంటా బార్బరా, యూటా కూడా చేరి నాలుగు కేంద్రాలయ్యాయి.

ఆర్పానెట్ అనే ఈ నెట్‌వర్క్‌లో ప్యాకెట్‌కు దారి చెప్పేదెవరు? తెలియని ఊరికి బయల్దేరినవాడు ప్రతి కూడలిలో అడుగుతూ పోయినట్టే ప్యాకెట్ కూడా పోతుంది. ఏ ఊరికి ఏ వైపు మళ్లాలో చెప్పే పట్టిక ఒకటి ప్రతి ఇంప్‌లో ఉండేది. మొత్తం దారి దేనికీ తెలిసేది కాదు, తర్వాతి అడుగు మాత్రమే తెలిసేది. మొదట్లో పొరుగు ఇంప్‌లు సెకనులో మూడింట రెండు వంతుల కాలానికోసారి పట్టికలు మార్చుకునేవి. ఈ పద్ధతిలో లైను తెగిన వార్త నెమ్మదిగా పాకేది, ఈలోగా ప్యాకెట్లు తిరిగినచోటే తిరిగేవి. అందుకే 1979లో పద్ధతి మార్చారు. ప్రతి ఇంప్ తన లైన్లలో ఆలస్యం ఎంతో తానే కొలిచి మిగతా ఇంప్‌లన్నిటికీ చాటేది. ఆ సమాచారంతో దేనికది దగ్గరి దారి లెక్కగట్టేది. చాటింపుల్లో ఏది కొత్తదో తెలియడానికి 0 నుంచి 63 వరకు వరుస సంఖ్య వేసేవారు. 63 తర్వాత మళ్లీ 0.

1980 అక్టోబరు 27న నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలింది. ఒక ఇంప్ హార్డ్‌వేర్ చెడి బిట్లు జారవిడిచింది. దాంతో 44 సంఖ్య గల చాటింపు 40గా, 8గా కూడా చలామణీ అయింది. 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది. కానీ సంఖ్యలు చుట్టు తిరిగి వస్తాయి గనుక, నియమం ప్రకారం 44 కంటే 8 కొత్తది! ఆ మూడూ అంతులేకుండా ఒకదాన్నొకటి తరుముకుంటూ ఇంప్‌లన్నిటినీ ముంచెత్తాయి. ఆ చాటింపులను పట్టించుకోవద్దని ఇంప్‌ల ప్రోగ్రామును సవరించాకే, కొన్ని గంటల తర్వాత, నెట్‌వర్క్ తేరుకుంది. లైనులో వచ్చే తప్పును పట్టగల ఇంప్ తన జ్ఞాపకంలో దొర్లిన తప్పును పట్టలేకపోయింది.

1983 జనవరి 1న నెట్‌వర్క్ నేటి ఇంటర్నెట్ నియమాలైన టీసీపీ/ఐపీకి మారింది, 1990లో ఆర్పానెట్ మూతపడింది. తొలి ఇంప్ నేటికీ అదే విశ్వవిద్యాలయంలో, బోల్టర్ హాల్ 3420 గదిలో ప్రదర్శనకు ఉంది. 1980 నాటి ఘటన నేర్పిన పాఠం మాత్రం మనకు పూర్తిగా ఒంటబట్టలేదు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ నుంచి వెలువడిన తప్పుడు దారి సమాచారాన్ని ప్రపంచంలోని రూటర్లు నమ్మేసరికి యూట్యూబ్ దాదాపు రెండు గంటలు చాలామందికి అందకుండా పోయింది. పొరుగువాడి మాట మీదే నడిచే వ్యవస్థ ఇది, అదే దాని బలం. ఆ మాటను సరిచూసుకునే ఏర్పాటు ప్రతి రూటర్‌లో ఉంటేనే ఆ బలం నిలుస్తుంది. నెట్‌వర్కింగ్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదట పట్టించుకోవలసిన విషయమిదే.