నిద్రపోని ఇళ్లు
టైప్‌-1 మధుమేహం ఉన్న పిల్లలకు డాక్టరు, నర్సు, డైటీషియన్‌ అన్నీ కన్నవాళ్లే. ఇన్సులిన్‌ ప్రాణం నిలుపుతోంది. ఆ భారాన్ని పంచుకునే తోడే కరువు

తెల్లవారుజామున మూడింటికి అలారం మోగుతుంది. తల్లి లేచి, టార్చి వెలుగులో ఎనిమిదేళ్ల కూతురి వేలి కొసన సూది గుచ్చుతుంది. అలవాటైపోయిన పాప కదలను కూడా కదలదు. గ్లూకోమీటర్‌ 140 అని చూపితే తల్లి మళ్లీ నడుం వాల్చొచ్చు. 62 అని చూపితే మాత్రం పాపను లేపి కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్లు తాగించాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. టైప్‌-1 మధుమేహం అడుగుపెట్టిన ఇళ్లలో ఇలాంటి రాత్రులు మామూలే.

పెద్దలకు వచ్చే షుగర్‌కూ దీనికీ కారణాలు వేరు. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్‌ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల ఇది వస్తుంది. మిఠాయిలు ఎక్కువ తిన్నందుకు కాదు, పెంపకంలో లోపం వల్లా కాదు. అయినా బంధువుల నింద ముందుగా పడేది తల్లి మీదే. 20 ఏళ్లలోపు టైప్‌-1 బాధితులు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా మన దేశంలోనే ఉన్నారని, వారి సంఖ్య సుమారు 2.29 లక్షలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో అంచనా వేసింది.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్‌ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్‌ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎన్నాళ్లో బతికేవారు కాదు. ఇప్పుడు బతుకుకు భరోసా ఉంది గానీ దాని వెంట రోజువారీ లెక్కలూ వచ్చాయి. రోజుకు నాలుగు ఇంజెక్షన్లంటే ఏడాదికి 1,460. ప్రతిసారీ ఎంత అన్నం తింటాడు, సాయంత్రం ఆడుకున్నాడా, ఒళ్లు వెచ్చగా ఉందా అన్నవి చూసుకుని మోతాదు తేల్చాలి. ఇంజెక్షన్‌ ఇచ్చాక పిల్లాడు కంచం తోసేస్తే ఇంట్లో అందరికీ గుండె దడే. మందు ఎక్కువై షుగర్‌ 70 కిందికి జారితే చెమటలు, వణుకు. మరీ పడిపోతే ఫిట్స్‌ రావచ్చు. మందు చాలకపోతే రక్తంలో కీటోన్‌ ఆమ్లాలు పేరుకుని వాంతులు, ఆయాసం మొదలవుతాయి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

ఖర్చూ తక్కువేం కాదు. ఒక్కో స్ట్రిప్‌ 20 రూపాయలనుకుంటే, రోజుకు నాలుగు పరీక్షలకే నెలకు 2,400. ఇన్సులిన్‌, సూదులు దీనికి అదనం. అందుకే కూలి పనులు చేసుకునే కుటుంబాలు ముందుగా కోత పెట్టేది పరీక్షల్లోనే. అప్పుడిక మోతాదు వేయడం చీకట్లో బాణం వేయడమే. ఫ్రిజ్‌ లేని ఇళ్లలో ఇన్సులిన్‌ సీసాను తడి ఇసుక మధ్య మట్టి కుండలో దాస్తారు.

బడి మరో పరీక్ష. బోర్డు పరీక్షల్లో ఈ పిల్లలు గ్లూకోజు బిళ్లలు, పండ్లు వెంట తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లో చెప్పింది. తరగతిలో షుగర్‌ చూసుకోవడానికి, ఇన్సులిన్‌ తీసుకోవడానికి అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ 2023లో రాష్ట్రాలకు లేఖ రాసింది. కానీ ఉత్తర్వు ఉంటే సరిపోదు, వణుకుతున్న పిల్లాడిని చూసి లో షుగర్‌ అని గుర్తుపట్టే టీచరు కావాలి. ఆ నమ్మకం లేకనే కొందరు తల్లులు ఉద్యోగం మాని మధ్యాహ్నం దాకా బడి దగ్గరే కాపు కాస్తారు.

ఆడపిల్లయితే రేపు పెళ్లికి అడ్డొస్తుందని జబ్బును దాచేవాళ్లూ ఉన్నారు. దాస్తే అత్యవసరంలో ఆదుకోవాల్సిన పక్కింటివాళ్లకూ సంగతి తెలియదు. ఇక ఆకు పసర్లతో నయమవుతుందన్న మాట నమ్మి ఇన్సులిన్‌ ఆపడం కంటే ప్రమాదం లేదు.

కేరళ 2018లో ‘మిఠాయి’ పథకం తెచ్చి, పిల్లలకు ఇన్సులిన్‌తో పాటు నిరంతరం షుగర్‌ను కొలిచే పరికరాలు, పంపులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2022లో భారత వైద్య పరిశోధనా మండలి టైప్‌-1కు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా చాలా ఉంది. ఇంట్లో చేయగలిగింది మాత్రం ఈరోజే మొదలుపెట్టొచ్చు. ఇంజెక్షన్‌ ఇవ్వడం, మీటరు చూడడం తల్లితో పాటు తండ్రికో నాయనమ్మకో కూడా రావాలి. అప్పుడే వారానికి రెండు రాత్రులైనా ఆ తల్లికి మూడింటి అలారం వినిపించకుండా ఉంటుంది.