అమ్మిన సొమ్ము వెనక్కి పోకుండా

జంషెడ్‌పూర్‌కు బదిలీ అనగానే మా ఇంట్లో కాస్త బెంగ పడ్డారు. తీరా వచ్చాక చూస్తే బిష్టుపూర్ రామమందిరంలో తెలుగు, కద్మా వీధుల్లో తెలుగు! ఉక్కు కర్మాగారంలో పనికోసం తాతల కాలంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. భాషతో పాటు ఆవకాయ జాడీని కూడా తెచ్చుకున్నవాళ్ళు వీళ్ళు.

అలాంటి ఇంట్లో పుట్టినావిడే మా సహోద్యోగి భార్య. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు చేసి మొదట ఇరుగుపొరుగుకు అమ్మేవారు. తరువాత సొంతంగా చిన్న వెబ్‌సైట్ పెట్టుకున్నారు. పుణే, బెంగళూరు నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. ఇద్దరు సహాయకులకు జీతం ఇచ్చే స్థాయికి వచ్చారు. ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

“అన్నయ్యగారూ, సరుకు పంపించి నెల దాటింది, డబ్బు కూడా ఖాతాలో పడింది. ఇప్పుడు 1,800 రూపాయలు వెనక్కి తీసేసుకున్నారు. అలా ఎలా తీసుకుంటారు?”

చూస్తే ఆ ఒక్కటే కాదు, ఇంకో రెండు ఫిర్యాదులు వరుసలో ఉన్నాయి. “ఇలాగైతే వెబ్‌సైట్ మూసేస్తాను” అన్నారు. మన బ్యాంకు కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు ఇంటినుంచి చీరలో పచ్చళ్ళో అమ్ముతున్నారు. అందుకే ఆ రోజు మేము మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

చార్జ్‌బ్యాక్ అంటే

కొన్నవారు దుకాణాన్ని అడిగి డబ్బు వెనక్కి తీసుకుంటే అది రీఫండ్. దుకాణాన్ని అడగకుండా, లేదా అడిగినా జవాబు రాక, తన కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే అది చార్జ్‌బ్యాక్‌గా మారుతుంది. ఆ బ్యాంకు రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్ ద్వారా దుకాణం తరఫు బ్యాంకును అడుగుతుంది. అక్కడినుంచి పేమెంట్ అగ్రిగేటర్‌కు, ఆ తరువాత దుకాణదారుకు కబురు వస్తుంది. జవాబుకు సాధారణంగా కొద్ది రోజులే గడువు. గడువు దాటితే కేసు పోయినట్టే. అందుకే ఖాతాలో పడ్డ డబ్బు ఇక కదలదని అనుకోకూడదు. ఫిర్యాదు చేయడానికి కొన్నవారికి చాలా సందర్భాల్లో 120 రోజుల వరకు సమయం ఉంటుంది.

నష్టం ఎంతో కాగితం మీద వేసి చూశాం. 1,800 రూపాయల ఆర్డరులో సరుకు, సీసాలు, ప్యాకింగ్ 1,050. కొరియర్ 170. అగ్రిగేటర్ రుసుము జీఎస్టీతో కలిపి సుమారు 42. మిగిలేది 538. చార్జ్‌బ్యాక్ అయితే ఆ 538 రాకపోవడమే కాదు, ఖర్చు పెట్టిన 1,262 కూడా చేతినుంచి పోతుంది. దాన్ని పూడ్చాలంటే ఇంకో మూడు మంచి ఆర్డర్లు కావాలి. కొన్ని అగ్రిగేటర్లు ఒక్కో వివాదానికి విడిగా రుసుము కూడా వేస్తాయి.

మూడు ఫిర్యాదులు, మూడు కారణాలు

మొదటిదానిలో కారణం “ఈ లావాదేవీ నాకు తెలియదు”. ఓటీపీ ఇచ్చి కొన్నవారు తెలియదనడం ఏమిటి? ఆరా తీస్తే, కొన్నది భార్య, కార్డు భర్తది. వెబ్‌సైట్‌లో దుకాణం పేరు ఒకటి, కార్డు స్టేట్‌మెంట్‌లో కనపడింది మా సహోద్యోగి భార్య సొంత పేరు. ఆయన గుర్తుపట్టలేదు. అగ్రిగేటర్ పంపిన మెయిల్‌ను ఈవిడ ప్రకటన అనుకుని తెరవలేదు. గడువు పోయింది, డబ్బూ పోయింది.

రెండోది “సరుకు బాగాలేదు”. నూనె కారి పెట్టె తడిసింది. కొన్నావిడ బుధవారం ఫోటోతో సహా వాట్సాప్ చేశారు. ఈవిడ పెళ్ళికి ఊరెళ్ళి ఆదివారం చూశారు. ఆలోపే ఫిర్యాదు బ్యాంకుకు చేరింది. తప్పు మనదే కాబట్టి యూపీఐలో డబ్బు పంపేస్తానన్నారు. నేను వద్దన్నాను. చార్జ్‌బ్యాక్ మొదలయ్యాక విడిగా డబ్బు పంపితే రెండుసార్లు పోయే ప్రమాదం ఉంది. అగ్రిగేటర్ పోర్టల్‌లోనే ఫిర్యాదును అంగీకరించి, కొన్నావిడకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పమన్నాను. ఇంకా ఫిర్యాదు బ్యాంకుకు వెళ్ళకపోతే మాత్రం రీఫండే మంచి దారి. అదీ డబ్బు వచ్చిన కార్డుకే పంపాలి.

మూడోది “సరుకు అందలేదు”. కొరియర్ రికార్డులో మాత్రం అందినట్టుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఇచ్చినట్టు ఫోటో, తేదీ, సమయం దొరికాయి. ఆర్డరు వివరం, బిల్లు, ట్రాకింగ్, ఆ ఫోటో, కొన్నవారితో జరిగిన సంభాషణ అన్నీ ఒక్క పీడీఎఫ్‌గా చేసి, పైన నాలుగు వరుసల్లో జరిగింది రాసి గడువులోపల పెట్టాం. కోపం, నిష్ఠూరం ఏమీ రాయలేదు. ఆ కేసు గెలిచారు.

నాకు అర్థమైంది ఇదే: మూడింటిలో దొంగతనం ఒక్కటీ లేదు. దుకాణం తలుపు తట్టే వీలు లేకనో, తట్టినా పలకకనో జనం బ్యాంకు తలుపు తట్టారు. చార్జ్‌బ్యాక్‌లు తగ్గించడమంటే ముందుగా మన తలుపు తెరిచి ఉంచడం.

ఆవిడ మార్చుకున్నవి

స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరే కనపడేలా అగ్రిగేటర్‌కు రాసి మార్పించారు. ఆర్డరు మెయిల్‌లో ఆ పేరు ముందే చెబుతున్నారు.

ఫోన్ నంబరు వెబ్‌సైట్‌లో పైనే పెట్టారు. ఊరెళితే ఒక సహాయకురాలికి ఆ ఫోన్ అప్పగిస్తున్నారు. 2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈవిడ ఆ రోజే జవాబివ్వాలని పెట్టుకున్నారు.

రీఫండ్ షరతులు మూడు వాక్యాల్లో, డబ్బు కట్టే పేజీలోనే రాశారు. కారం పాళ్ళు, నూనె రకం, సరుకు చేరే రోజులు కూడా ఉన్నవి ఉన్నట్టే రాశారు.

వెయ్యి రూపాయలు దాటిన పార్శిళ్ళకు ఓటీపీ చెబితేనే ఇచ్చే డెలివరీ ఎంచుకున్నారు. ప్యాకింగ్ చేసేటప్పుడు సీసా మూత కనపడేలా ఫోటో తీసి దాస్తున్నారు.

“డబ్బు కట్ అయింది, ఆర్డరు కనపడలేదు” అనేవారికి కూడా ఓపికగా చెబుతున్నారు. డబ్బు దుకాణానికి చేరకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి వెళ్ళాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి అన్నది రిజర్వ్ బ్యాంకు 2019 ఆదేశం.

విదేశీ కార్డుల విషయం వేరు. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు పంపమని ఆర్డరిస్తుంటారు. మన దేశపు కార్డుకు ఆన్‌లైన్‌లో ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ ఉంటుంది. బయటి కార్డులకు అది లేకుండానే చెల్లింపు జరగవచ్చు. అప్పుడు “నేను కొనలేదు” అంటే భారం ఎక్కువగా దుకాణం మీదే పడుతుంది. అందుకని పెద్ద ఆర్డరైతే ముందు ఒక ఫోన్ చేసి మాట్లాడాకే పంపుతున్నారు.

కొనేవారిగా మనం

మనమూ కార్డు వాడేవాళ్ళమే. కార్డు దుర్వినియోగమైతే క్షణం ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పాలి, 1930కి ఫోన్ చేయాలి. రిజర్వ్ బ్యాంకు 2017 ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసంలో సమాచారం అందిన 3 పని దినాల్లో తెలియజేస్తే మనకు నష్టం ఉండదు. సరుకు గురించి ఫిర్యాదైతే మాత్రం ముందు దుకాణానికి ఒక ఫోన్ చేద్దాం. ఇంట్లో ఎవరైనా కొన్నారేమో అడుగుదాం. కౌంటర్‌లో వివాద పత్రం తీసుకునే మనవాళ్ళు కూడా ఆ రెండు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. పత్రంలో మనకు కనపడేది ఒక పక్షమే. రెండో పక్షాన పెద్ద కంపెనీయే ఉండనక్కరలేదు, కద్మాలో పచ్చడి కలిపే ఇల్లాలు ఉండవచ్చు.

మొదటి 1,800 తిరిగి రాలేదు. వెబ్‌సైట్ మాత్రం మూయలేదు. వంటింటి గోడమీద క్యాలెండర్‌లో ఇప్పుడు గ్యాస్ బుకింగ్ తేదీ పక్కన అగ్రిగేటర్ గడువు తేదీలు కూడా ఎర్ర సిరాతో రాసి ఉంటున్నాయి.