మన కొండల మొగిచెట్టు

ముంగారు వానలు పడి నేరేడుపండ్లు సంతల కెక్కు దినములలో, కడప, కర్నూలు కొండల చేరువనున్న ఊళ్లలో మరియొక పండు కూడ గంపలలో కనబడును. అది నేరేడు వంటిదే. కాని అంతకంటె గుండ్రనిది, పెద్దది. తీపి, పులుపు, వగరు మూడును కలిసిన రుచి. దానిని మనవారు మొగిపండు అందురు. అడవి నేరేడనువారును కలరు. తినినవారు గింజ నుమిసి తమ దారిని తాము పోవుదురు. ఆ ఉమిసిన గింజను గూర్చియే నేడు మనము కొంత ముచ్చటింతము.

మొగి, నేరేడు, జామ, లవంగము, జామాయిలు ఇవన్నియు ఒకే కుటుంబములోని వన్నచో కొందరికి వింతగా తోచవచ్చును. జామాకును ఎండ కెదురుగా పట్టి చూడుడు. సూదిమొనతో పొడిచినట్లు సన్నని చుక్కలు కనబడును. అవి తైలపు తిత్తులు. ఆకును నలిపినప్పుడు వచ్చు వాసన వానిదే. పూవులో రేకులకంటె కేసరములే మిన్నగా నుండి కుచ్చువలె విచ్చుకొనుట ఈ కుటుంబమునకు మరియొక గురుతు. ఇందలి చెట్లును పొదలును పెక్కులు ఉష్ణమండలపు తడి యడవులలో పుట్టి పెరుగునవి. లవంగము పుట్టినిల్లు ఇండోనీషియాలోని మలుకు దీవులు. అది గాలిలో తేమ తీరని చోటు. మన మొగియో, దానికి దగ్గరి చుట్టమయ్యును, ఎండకు బండలు పేలు కొండలపై కాపురము పెట్టినది.

శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల, ఇవి మొగి నివాసములు. తూర్పు కనుమల దక్షిణభాగమునను, దాని పరిసరములందును తప్ప ఈ జాతి ప్రపంచమున మరెచ్చటను సహజముగా పెరుగదు. కర్నూలు జిల్లాకు చెందిన నల్లమల అడవులు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను చెట్టు చోటు మారలేదు. ఈ సీమలో సాలునకు పడు వాన సుమారు 600 మొదలు 700 మిల్లీమీటర్లు. అదియును కొద్ది మాసములలోనే పడిపోవును. కొండవాలున మన్ను పలుచన. అడుగున నంతయు బండ.

మద్రాసు రాజధాని మొక్కలను వర్ణించిన రాబర్ట్ వైట్ అను స్కాట్లండు వైద్యుడు 19వ శతాబ్దిలో దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. నేటి శాస్త్రనామము సిజీజియం ఆల్టర్నిఫోలియం. నేరేడు కొమ్మపై ఆకున కెదురుగా ఆకుండును. మొగికి అట్లు కాదు. ఒక కణుపున ఈ వైపు నొక ఆకు, పై కణుపున ఆ వైపు నొక ఆకు. శాస్త్రనామములోని రెండవ మాట చెప్పునది ఇదియే. ఆకులు వెడల్పైనవి, కాడలు పొడవైనవి. అడవిలో మొగిని నేరేడునుండి వేరుచేసి గుర్తించుట కింతకంటె సులువైన ఉపాయము లేదు.

ఏప్రిల్, మే మాసములలో, తక్కిన చెట్లు పెక్కులు మోడులై నిలిచి యుండగా, మొగి ఒక్కసారిగా తెల్లని కుచ్చులతో నిండిపోవును. మకరందము సమృద్ధి; పూవు లోతైనది కాదు గనుక ఎవరికైనను అందును. తేనెటీగలు, కందిరీగలు, ఈగలు, సీతాకోకచిలుకలు మూగును. ఇంత పూచినను కాయగా నిలుచునవి కొద్ది. కొన్ని మొగ్గలను పురుగు తినును. కొన్ని పిందెలు రాలిపోవును.

ఇక గింజ సంగతి. మెట్టసీమ చెట్లలో చాలవాని గింజలు ఓపిక గలవి. తుమ్మగింజ గట్టి తొడుగులో ముడుచుకొని మంచి వానకై నెలల తరబడి వేచియుండగలదు. జొన్నను మన పెద్దలు పాతరలో దాచి కరవు గడపినారు. మొగిగింజ అట్లు దాగునది కాదు. అది తడి యడవుల చుట్టముల స్వభావమును విడువలేదు. పండు రాలిన వెంటనే మొలకెత్తవలె, ఎండినచో చచ్చును. కనుక ప్రతి సంవత్సరమును దాని సంతానమంతయు ఆ ఒక్క ముంగారు మీదనే ఆధారపడి యున్నది. గింజ మొలచిన పిమ్మట వాన మొగము చాటుచేసినచో, పలుచని మంటిలోని ఆ లేత మొలక బండవేడికి మాడిపోవును. మొలచినవానిలో చెట్టగునవి మిక్కిలి అరుదు.

ఇట్టి చెట్టునకు మనము చేయు చేటు చిన్నదైనను పెద్దదే. పండ్లు కోసి సంతకు తెచ్చుట తప్పు కాదు. కొండ గూడెముల వారికి అది నాలుగు దినముల జీవనము. కాని పండ్లకై కొమ్మలు నరికిన, మరుసటి యేటి పూత పోవును. కలపను సేద్యపు పనిముట్లకు వాడుదురు. గింజలను మధుమేహమునకు నాటుమందుగా ఏరుదురు. వేసవి నిప్పు మొలకలను మిగులనీయదు. ఊరికి చేరిన గింజలు రోడ్డు ప్రక్కను ఎండిపోవును. ఇదే కొండలలోని ఎర్రచందనమునకు ధర యున్నది గనుక కాపలా యున్నది. మొగికి ఆ ధర లేదు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని అంతరించు ప్రమాదమందున్న జాతులలో లెక్కించుచున్నారు.

ప్రయోగశాలలో కణజాలమునుండి మొగిమొక్కలను పెంచవచ్చునని 1997లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది మేలైన మార్గమే. కాని అంతకంటె సులభమైనది మన చేతిలోనే యున్నది. పండు తినిన దినముననే గింజను కడిగి, ఎండనీయక, ఎరువు కలిపిన తడి మంటిలో అంగుళము లోతున నాటవలె. నీడలో నుంచి, మన్ను ఆరకుండ నీరు చిలుకరింపవలె. ఒక వేసవి గట్టెక్కించి, మరుసటి ముంగారులో బడి ఆవరణమునందో, చెరువుగట్టు క్రిందనో, పొలము గనిమనో నాటవలె. తడి యడవి ఇచ్చెడు తొలి యేటి తేమను మనము ఒక కుండెడు నీటితో ఇచ్చినచో చాలును.

మొగిపండు తినువారు ఈసారి గింజ నుమియుటకు ముందొక్క నిమిషము ఆగుదురు గాక. ఆ గింజకు వేచియుండు శక్తి లేదు.